పాతతలుపులతో పెట్టెమంచము



మా తండ్రిగారి కాలపు మండువాయిల్లు మూడేండ్ల క్రిందట పడగొట్టించితిమి. గోడలు నెఱ్ఱెలు వాసినవి. అన్నదమ్ములము నలుగురము వేఱువేఱు ఊళ్ళలో స్థిరపడితిమి. నా వంతునకు ఒక జంటతలుపు, అడుగు చెదలు తినిన భోషాణము, నులక తెగిన పట్టెమంచము, కొన్ని వాసములు వచ్చినవి. పాతసామానులు కొను వర్తకుడు వచ్చి, అన్నిటికిని కలిపి వంటచెఱకు వెల కట్టెను. నాకు మనసొప్పలేదు. మేమిప్పుడున్నది రెండు గదుల ఇల్లు. బొంతలకు, కంబళ్ళకు, పెండ్లిండ్లకు తీయు ఇత్తడిపాత్రలకు చోటులేక నా భార్య నిత్యము విసుగుకొనుచుండెను. అందుచేత ఆ కొయ్యతోనే, పైన పండుకొనుటకును లోపల సామాను దాచుకొనుటకును పనికివచ్చు పెట్టెమంచ మొకటి చేయించితిని. మొదట చేయించినది చెడినది, పిమ్మట కుదిరినది. ఆ రెండు సంగతులును మనవి చేసెదను.

పాతకొయ్య యెందుకు మేలని మీరడుగవచ్చును. పచ్చికొయ్యలో నీరుండును. అది ఆరినకొలది కొయ్య అడ్డముగా ముడుచుకొనును. పొడవున ముడుచుకొనుట మిక్కిలి స్వల్పము. ఆరని కొయ్యతో చేసిన తలుపులు ఏడాది తిరుగకుండ వంకరపోవుటకు ఇదియే కారణము. ఏబది అరువదియేండ్లు ఇంటిలో నిలిచిన టేకునకు ఆ భయము తక్కువ. ఐనను అదియు వానకాలమున కొంచెము ఉబ్బకమానదు. కావున తలుపులోని పలకలను గాడిలో వదులుగానే యుండనీయవలెను, జిగురుపెట్టి బిగింపరాదు.

కొయ్యను ఏఱుటలో తొందర కూడదు. సుత్తితో కొట్టిచూడుడు, బోలుగా మ్రోగినచో లోపల చెదలు తినియుండును. సూదిమొన యంత రంధ్రములనుండి పిండివంటి పొడి క్రొత్తగా రాలుచున్నచో పురుగు ఇంకను బ్రదికియున్నదన్నమాట. అట్టి వాసములు రెండు నాకు దొరకినవి; వానిని మాత్రము వర్తకుడు చెప్పినట్లే పొయ్యికి పంపితిని. రంపము పెట్టుటకు ముందు అయస్కాంతమును కొయ్యపై నడిపించినచో దాగియున్న మేకులు తెలియును.

ఇంకొక జాగ్రత్త. పూర్వపు రంగులలో సీసము కలిపెడివారు. మనదేశమున 2017 నవంబరు 1 నుండి ఇంటి రంగులలో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని నిబంధన అమలునకు వచ్చినది. అంతకు పూర్వపు తలుపులమీద ఎంత యున్నదో చూచి చెప్పలేము. ఆ రంగును పొడిగా గీకినచో రేగు ధూళి పసిపిల్లల బుద్ధివికాసమునకు హాని చేయును. తడిపి గీకవలెను, పెచ్చులను ఏఱి గోనెలో కట్టవలెను, ఆ పూట పిల్లలను దగ్గఱకు రానీయరాదు. కాల్చుట బొత్తిగా తగదు.

ఇక కట్టుబడి. మా తలుపురెక్క ఒక్కొక్కటి ఆఱడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. రెండును ప్రక్కప్రక్కల పెట్టగా మంచపు పైభాగమైనది. భోషాణపు ప్రక్కపలకలు చెడలేదు గనుక అవియే పెట్టెగోడలు. పట్టెమంచపు కోళ్ళు నాలుగు మూలల నిలిచినవి. రెక్కలు కలియుచోట క్రిందుగా పొడవునా ఒక వాసమును, దాని నడుమ ఒక నిట్రాటను పెట్టించితిని. ఈ నిట్రాట లేనిచో ఇద్దఱు పండుకొన్నంతనే నడుము క్రుంగును.

మొదటిసారి నేను చేసిన తప్పులు రెండు. రెండు రెక్కలను బద్దలతో కలిపి ఒకే మూతగా చేయించుట మొదటిది. వడ్రంగి వలదన్నను వినలేదు. ఒకనాడు నా భార్య కంబళి తీయుచుండగా మూత జాఱిపడినది. అప్పుడే చేయి వెనుకకు తీసికొనుటచే వ్రేళ్ళు దక్కినవి. గాజులు మాత్రము పగిలినవి. రెండవ తప్పు పెట్టె అడుగును నేలకు ఆనించుట. శ్రావణమాసమున తెఱచి చూతుముగదా, బొంతలన్నియు బూజుపట్టియున్నవి.

అంతట అంతయు విప్పించితిని. గోడవైపు రెక్కను కదలకుండ బిగించి, ముందురెక్కకు మాత్రము మడతబందులు వేయించితిని. ఎత్తినప్పుడు నిలుపుటకు లోపల ఊతకఱ్ఱ యున్నది. పరుపును సగము చుట్టినచో చాలును. దానంతట పడు గడియ పెట్టింపలేదు. పిల్లలు దాగుడుమూతలాడుచు లోపల దూఱినచో ఏమగునో చెప్పనక్కఱలేదు. అడుగును నేలకు ఆఱంగుళములు ఎత్తించి, ప్రక్కలకు బొటనవ్రేలంత రంధ్రములు తొలిపించి, కోళ్ళక్రింద రాతిముక్కలు పెట్టించితిని. మంచమునకును గోడకును నడుమ జానెడు సందున్నది. చెదలు మట్టిదారి కట్టినచో అక్కడనే కంటబడును.

బియ్యపుబస్తా కూడ ఇందులోనే పెట్టుదమని మావాళ్ళనిరి. బియ్యము పెట్టవచ్చును; పురుగు పట్టకుండ వేయు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలు మాత్రము పెట్టరాదు. గాలిలోని తేమ తగిలినంతనే వానినుండి విషవాయువు వెలువడును. దానికి విఱుగుడుమందు లేదు. నిద్రించు మంచము క్రిందనే కాదు, మనుష్యులుండు ఇంటిలో ఎక్కడను ఆ బిళ్ళలు ఉండరాదు. మేము ఎండవేపాకు వేసి, నెలకొకసారి బియ్యమును నీడన ఆఱబోయుచున్నాము.

ముందురెక్కకు పాతగొళ్ళెము పట్టిన రంధ్రము అట్లేయున్నది. వడ్రంగి దానిని పూడ్చెదననెను, వలదంటిని. మూత యెత్తుటకు వ్రేలు దూర్చ అదే చాలుచున్నది.