కోదాడ నుంచి ఫలక్‌నుమా దాకా

కోదాడకు వచ్చిన స్నేహితులకు పాత వైభవం చూపించాలంటే విజయవాడ–హైదరాబాద్ జాతీయ రహదారే దారి. సూర్యాపేట దగ్గర పిల్లలమర్రిలో ముందు ఆగడం మేలు. కాకతీయుల సామంతులు రేచర్ల రెడ్లు 13వ శతాబ్ది తొలినాళ్లలో కట్టించిన శివాలయాలవి. ఎరకేశ్వరాలయాన్ని కట్టించింది బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ. అక్కడి నల్లరాతి స్తంభాల నునుపు వేలితో తడిమితేనే తెలుస్తుంది.

హైదరాబాద్‌లో ప్రధాన ఆకర్షణ ఫలక్‌నుమా ప్యాలెస్. పాయిగా ప్రభువు, నిజాం ప్రధాని వికారుల్ ఉమ్రా దీనికి 1884లో పునాది వేశాడు. ఇటాలియన్ పాలరాయి, యూరప్ శైలి మెట్లవరుస, రంగుటద్దాలు ఇందులో కనిపిస్తాయి. ఖర్చుకు వెనకాడకపోవడం వల్ల ఆయన అప్పుల్లో పడ్డాడంటారు. చివరికది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వచ్చి, రాజ అతిథుల విడిదిగా మారింది. భోజనశాల బల్ల చుట్టూ 101 మంది కూర్చోవచ్చు. అంత పొడవు బల్ల మీద ఎదురు చివర ఉన్నవారితో ముచ్చట సాగడం కష్టమే!

దశాబ్దాల పాటు మూతపడిన ఈ భవనాన్ని తాజ్ సంస్థ బాగుచేయించి, 2010లో హోటల్‌గా తెరిచింది. మరమ్మతులను నిజాం కుటుంబానికి చెందిన యువరాణి ఎస్రా దగ్గరుండి చూసుకున్నారు. గది అద్దె సామాన్యులకు అందదు. అయినా టీకో భోజనానికో ముందుగా బుక్ చేసుకుని వెళ్తే ప్యాలెస్‌ను చూసే వీలు దొరుకుతుంది.