వాట్టుల లెక్క, వెలుతురు లెక్క

మన గృహస్థులు చిరకాలముగా వెలుతురును వాట్టులతో కొలిచి కొనుచు వచ్చిరి. నలువది వాట్టుల బల్బు మసకదనియు, నూరు వాట్టులది కాంతిమంతమనియు అందఱి మనస్సులలో నాటుకొనిపోయినది. కాని వాట్టు దీపము తినెడి విద్యుత్తునకు కొలతయే గాని, అది యిచ్చెడి వెలుతురునకు కొలత కాదు. పాత బల్బులోని టంగ్‌స్టన్ తీగె సుమారు 2,500 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాగి వెలుగునప్పుడు, అది గ్రహించిన శక్తిలో నూటికి అయిదు పాళ్లు మాత్రమే కంటికి వెలుతురగును. తక్కినదంతయు వేడిమియై గదిలో వ్యాపించును. రోహిణికార్తె యెండలకు వేగిపోవు మన సీమలో అట్టి వేడిమికి నెలనెలా మూల్యము చెల్లించుట ఎంతటి అపవ్యయమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈ అపవ్యయమును తగ్గింప మొదట సి.ఎఫ్.ఎల్. దీపములు వచ్చినవి, 2009లో కేంద్రప్రభుత్వము బచత్ ల్యాంప్ యోజన పేరిట పాత బల్బునకు మాఱుగా 15 రూపాయలకే వానిని ఇప్పింప పూనుకొనెను. అవి విద్యుత్తును ఆదా చేసినమాట నిజమే గాని, లోపల కొన్ని మిల్లీగ్రాముల పాదరసము గల వాని గాజుగొట్టము పగిలినచో చేటు.

అసలైన పరిష్కారము ఎల్.ఇ.డి. యనెడి, వెలుతురునిచ్చు డయోడు వలన లభించినది. 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ కంటికి కనబడు ఎఱ్ఱకాంతినిచ్చెడి డయోడును నిర్మించినను, నీలకాంతి చేరనిదే తెల్లని వెలుతురు కలుగదు గనుక, ఆ విద్య మూడు దశాబ్దములు ఇంటి దీపమునకు అక్కఱకు రాలేదు. నీలకాంతికి కావలసిన గాలియం నైట్రైడు స్ఫటికమును దోషరహితముగ పెంచుట దుస్సాధ్యమని పెక్కుమంది విడిచిపెట్టినను, ఆ కృషిని పట్టువిడువక సాగించిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమురాలు నీలకాంతిని సాధించిరి. 2014లో వారికి భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించుట సర్వథా సముచితము. ఆ నీలకాంతిలో కొంత భాగమును పసుపుకాంతిగ మార్చు ఫాస్ఫరు పూతయే మన ఇంటి బల్బు తెల్లదనమునకు కారణము.

ఆ 2014లోనే ఆంధ్రప్రదేశమున గుంటూరు, అనంతపురము, శ్రీకాకుళము, పశ్చిమగోదావరి జిల్లాలలో పాత బల్బులు పుచ్చుకొని ఇంటికి రెండేసి ఎల్.ఇ.డి. బల్బులు పదేసి రూపాయలకు ఇచ్చిరి. మఱుసటి యేడు జనవరిలో ఇట్టి పథకమే దేశవ్యాప్తమై, పిదప ఉజాలా యని పేరొందినది. లక్షల బల్బులను ఒక్కుమ్మడిగ కొనుటచే, ఆ పథకమును నడిపిన ప్రభుత్వ సంస్థకు 2014 ఆరంభమున సుమారు 310 రూపాయలు పడిన బల్బు 2016 నాటికి నలుబది రూపాయలలోపునకు దిగివచ్చినది. విజ్ఞానము కనిపెట్టినదానిని పేదవాని ఇంటికి చేర్చినది ఈ సామూహిక క్రయమే యని నా నిశ్చితాభిప్రాయము.

రోజుకు అయిదు గంటలు వెలిగెడి 60 వాట్టుల పాత బల్బు నెలకు 9 యూనిట్లు కాల్చగా, ఇంచుమించు అంత వెలుతురే యిచ్చు 9 వాట్టుల ఎల్.ఇ.డి.కి ఒకటిన్నర యూనిట్టు కూడ పట్టదు. కావున కొనునప్పుడు పెట్టెపై వాట్టులకు బదులు వెలుతురును కొలిచెడి ల్యూమెనుల సంఖ్యను, విద్యుత్తు పొదుపును తెలిపెడి నక్షత్రముల గుర్తును చూడవలెను. ఎల్.ఇ.డి. బల్బును గాలి చొరని డోములలో బిగింపరాదు, వేడిమి వెడలు దారి లేక దాని ఆయువు క్షీణించును. పడకగదిలోని పాత జీరో బల్బు నిజమునకు సుమారు 15 వాట్టులది. రాత్రికి ఎనిమిది గంటలు వెలిగిన నెలకు మూడు యూనిట్లు దాటును. మీ యింట అది యింకను ఉన్నచో, మొదట దానినే మార్చుడు.