మల్లన్న ఎట్లా మల్లికార్జునుడయ్యిండు?

కొమురవెల్లి గుట్టమీద రెండు తీర్ల పూజ జరుగుతుంది. గర్భగుడిలో వీరశైవ అర్చకుల పూజ. బయట డోలు చప్పుడు, పసుపు బండారు, ఒగ్గు పూజారులు రంగురంగుల పొడులతో వేసే పట్నం. సంక్రాంతి నుంచి ఉగాది దాకా జాతర. మహాశివరాత్రికి పెద్దపట్నం. దేవుడు ఒక్కడే గదా, పూజ ఎందుకు రెండయింది?

పురాణాల శివుడి భార్య పార్వతి. మన మల్లన్నకు బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. మహారాష్ట్రలో జెజూరి ఖండోబాకు కూడా ఇట్లాగే వర్తక కులపు మ్హాళసా, గొర్లకాపరి కులపు బానాయి. అంటే ఈయన దక్కనులో మందలు కాసినోళ్లు, సరుకులమ్మినోళ్లు తమ బతుకులోంచి నిలబెట్టుకున్న దేవుడని మేము భావిస్తున్నాం. ఆయన ‘మల్లికార్జున స్వామి’ కావడం తర్వాతి మార్పు.

ఇట్లాంటి మార్పు మన దగ్గరే జరగలేదు. రోమన్ సామ్రాజ్యంలో 313లో క్రైస్తవానికి స్వేచ్ఛ దొరికింది. 391-392 నాటికి థియోడోసియస్ చక్రవర్తి పాత దేవతలకు బలులివ్వడాన్ని నిషేధించాడు. అయినా జనం మొక్కులు ఒక్కనాడే పోలేదు. అందుకే 601లో పోప్ గ్రెగరీ, ఇంగ్లండుకు పోతున్న తన ప్రచారకులకు ఒక ఉపాయం రాశాడు: గుళ్లను కూలగొట్టకండి, విగ్రహాలు తీసేసి చర్చిలుగా వాడుకోండి. ఏథెన్సులో ఎథీనా గుడి మేరీమాత చర్చి అయింది. పాత మతస్థులకు పెట్టిన ‘పాగనస్’ అనే లాటిన్ పేరుకు మొదటి అర్థం పల్లెటూరివాడు. మన దేవతలను ‘మోటు దేవతలు’ అన్నట్టే!

తేడా గమనించాలి. అక్కడ విగ్రహం పోయింది, రాజశాసనం కనిపిస్తుంది. ఇక్కడ విగ్రహం అట్లనే ఉంది. పేరు మారింది, గర్భగుడి ఒకరి చేతిలోకి పోయింది. 12వ శతాబ్దంలో కులాన్ని ఎదిరించిన బసవన్న సంప్రదాయంలో సైతం అర్చకత్వం వంశాల హక్కయింది.

1987 నాటి దేవాదాయ చట్టం వారసత్వ అర్చకత్వాన్ని రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2007 సవరణ అర్చక కుటుంబాల హక్కును మళ్లా ముందుకు తెచ్చింది. కనుక గుడిలోకి పోనిస్తే చాలదు. దర్శనం వరుసలో నిలబడడం వేరు, పూజలో చెయ్యి ఉండడం వేరు. ఒగ్గు పూజారుల్లో ఎక్కువమంది కురుమలు, గొల్లలు. మరి మాల మాదిగల చోటు ఎక్కడ? ఈ ప్రశ్న అర్చకులను అడిగినట్టే మనలో మనం కూడా అడుక్కోవాలి.