మీట నొక్కినను కదలని మోటారుకారు

గడచిన వరికోతల దినములలో మా సంఘసభ్యు డొకరి యింట తెల్లవారుజామున కోడలికి పురిటినొప్పు లారంభమైనవి. వాకిట నాలుగేండ్లనాటి మోటారుకారు నిలిచియున్నది. కుమారుడు లోపల గూర్చుండి మీట నొక్కెను. టకటకమను చప్పుడు వినవచ్చి యెదుటి పలకమీది దీపములు మసకబాఱినవే గాని యింజను తిరుగలేదు. పదిమాఱులు నొక్కినను ఫలము లేకపోయెను. తుదకు పాలు తీసికొనిపోవు వ్యానులో ఆమెను ఆసుపత్రికి చేర్చిరి. తల్లియు బిడ్డయు క్షేమముగనే యున్నారు. మఱునాడు పట్నమునుండి వచ్చిన మెకానికు బ్యాటరీ చెడినదని చెప్పి క్రొత్తదానిని వేసి, సొమ్ము తీసికొని వెళ్లెను. వారము తిరుగకమునుపే బండి మఱల మొరాయించెను.

మేము విత్తనముల పనిమీద ఆ గ్రామమునకు పోయినపుడు ఆయన మాకు బండిని చూపెను. బ్యాటరీయొక్క ఋణధ్రువమునుండి బండి యినుపదేహమునకు పోవు లావుపాటి తీగ చివర మర వదులై, దానిక్రింద చిలుము పట్టియున్నది. క్రొత్త బ్యాటరీ బిగించునపుడు ఆ తీగ కొంచెము కదలి, కొన్ని దినములు చక్కగా అంటుకొనియుండెను. అందుచేత బ్యాటరీయే దోషియని అందఱును నమ్మిరి. గరుకుకాగితముతో చిలుమును గీకి మర బిగించితిమి. నాటినుండి నేటివఱకు ఆ బండి ఆగలేదు. బ్యాటరీకిచ్చిన సొమ్ము మాత్రము తిరిగి రాలేదు. మన సభ్యులలో ఇట్టి కార్లు గలవారు ఏటేట హెచ్చుచున్నారు గనుక ఈ మీట పనిచేయు విధమును కొంత వివరింప దలచితిమి.

తొలినాటి కార్లకు ముందువైపున ఇనుపకడ్డీ దూర్చి చేతితో త్రిప్పవలసియుండెను. కడ్డీ యెదురుతన్ని చేతులు విఱిగినవారు పెక్కుమంది. 1912వ సంవత్సరమున అమెరికాలో కెటరింగ్ అనువాడు కల్పించిన విద్యుత్ స్టార్టరును కాడిలాక్ కారులో అమర్చిన పిమ్మట ఆ బాధ క్రమముగా తొలగెను. ఆ కాలపు కార్లలోను మీటలుండెను. వానిని చేతనో కాలితోనో నొక్కినయెడల బ్యాటరీ విద్యుత్తు తిన్నగా స్టార్టరునకు పోయెడిది. నేటి మీట అట్టిది కాదు. అది ఆజ్ఞ కాదు, అర్జీ. మన సంఘమున అప్పునకు అర్జీ పెట్టిన సభ్యుని వాటాసొమ్ము, జామీను, పాతబాకీ అన్నియు కార్యదర్శి చూచినట్లే, బండిలోని చిన్న కంప్యూటరు కొన్ని సంగతులను విచారించును. తాళపుచెవి లోపలనే యున్నదా? బ్రేకు త్రొక్కబడినదా? గేరు తగినచోట నున్నదా? స్టీరింగు తాళము వీడినదా? వీనిలో ఏ యొక్కటి లోపించినను స్టార్టరునకు అనుమతి పోదు.

కావున మీట నొక్కినపుడు మొదట చేయవలసినపని వినుట. దీపములు ప్రకాశముగా వెలుగుచుండి యే చప్పుడును లేకున్నచో అర్జీ త్రోసివేయబడినదని చాలవఱకు ఊహింపవచ్చును. టకటకమని వరుసగా చప్పుడై దీపములు మసకబాఱినచో బ్యాటరీ నీరసించినది, లేదా దాని తీగల అతుకు చెడినది. ఒక్కసారి మాత్రము గట్టిగా 'టక్కు'మని యూరకున్నచో, దీపములు మసకబాఱకున్నచో, స్టార్టరునే అనుమానింపవలెను. ఇంజను చక్కగా తిరుగుచు అంటుకొనకున్నచో మీటకు దానితో పని లేదు. ఇంధనమునో, దొంగల నడ్డగించుటకై పెట్టిన కట్టుబాటునో విచారింపవలెను. ఈ నాలుగింటిని వేఱుపఱుపక బ్యాటరీ మార్చుట, జ్వరమో అజీర్ణమో తెలియక మందిచ్చుట వంటిది.

త్రోసివేయబడిన అర్జీలలో హెచ్చుభాగము తాళపుచెవివలననే కలుగుచున్నవి. దీనిలో రూపాయిబిళ్లవంటి చిన్న బ్యాటరీ యుండును. సాధారణముగా దానిమీద 2032 అను అంకె యుండును. అడ్డుకొలత 20 మిల్లీమీటర్లు, మందము 3.2 మిల్లీమీటర్లు, శక్తి 3 వోల్టులు. కొన్ని చెవులలో 2025, 2016 అంకెలవి గలవు గనుక పాతదానిని చూచి కొనవలెను. బండి మెల్లగా పిలుచును, చెవి బదులు పలుకును. బిళ్ల నీరసించినకొలది ఆ పలుకు దూరము పోదు. అందుచేతనే ఒకనాడు జేబులోనున్నను బండి బయలుదేఱును, మఱునాడు బయలుదేఱదు. తలుపులు దగ్గఱకు పోయినగాని తెఱచుకొనకపోవుట దీనికి ముందస్తు గుఱుతు. సెల్‌ఫోనును తాళపుచెవిని ఒకే జేబులో నుంచినను పలుకు చెదరవచ్చును. మన రైతులు చెవిని బొడ్డున దోపుకొని మడిలోనికి దిగుచున్నారు. బురదనీరు చొచ్చిన చెవిని ఎండబెట్టినంతమాత్రమున అది బాగుపడునని నమ్మరాదు.

బిళ్ల పూర్తిగా చచ్చినను మార్గము గలదు. ఈ సంగతి తెలియక రాత్రులు త్రోవలో గడపిన వారిని మే మెఱుగుదుము. చెవిలో బిళ్లతో నిమిత్తము లేని మఱియొక చిన్న తునక గలదు. బండియే దానికి చేరువనుండి శక్తి నిచ్చును. బ్రేకు త్రొక్కి, చెవిని మీటకు ఆనించి నొక్కినచో పెక్కు కార్లు బయలుదేఱును. కొన్నింటిలో చెవి నుంచవలసినచోటు వేఱుగా నుండును. బండితోవచ్చిన పుస్తకమున అది చూపబడియుండును. తలుపు తెఱచుటకై చెవిలోపలనే సన్నని లోహపుతాళము దాగియుండును. ఈ రెండు పనులను ఒక పగటిపూట తీఱికగా చేసిచూచుట మంచిది. చీకటిలో, వానలో నేర్చుకొనదగిన విద్య యిది కాదు.

ఇక బ్రేకు. ఇంజను ఆగియున్నపుడు రెండుమూడుమాఱులు త్రొక్కగానే బ్రేకు గట్టిపడి క్రిందికి దిగదు. తేలికగా త్రొక్కినచో దాని స్విచ్చి కదలకపోవచ్చును. కావున బలముగా త్రొక్కి చూడవలెను. అట్లు త్రొక్కుచుండగా మఱియొకరిని వెనుక నిలిపి ఎఱ్ఱదీపములు వెలుగుచున్నవో లేదో చూడుమనవలెను. వెలుగకున్నచో స్విచ్చినో ఫ్యూజునో మార్చవలసియుండును. స్విచ్చి పెద్ద ఖరీదుగల వస్తువు కాదు. చేతి గేర్ల బండియైనచో క్లచ్చును అడుగంట త్రొక్కవలెను. ఒకరి యింట క్లచ్చుక్రింద మడతపడిన కాలిపట్టాయే దోషముగా తేలెను. తనంతట గేర్లు మార్చుకొను బండియైనచో గేరు 'పి' చోట నున్నపుడు కదలకున్నను, 'ఎన్' చోటికి మార్చినపుడు కదలవచ్చును. అట్లయిన గేరు స్విచ్చి అరిగినదని యెఱుగవలెను. చక్రములు గట్టునకో గోడకో ఒరసికొనియుండ స్టీరింగు తాళము బిగుసుకొనుటయు గలదు. స్టీరింగును అటునిటు మెల్లగా ఊపుచు మీట నొక్కినచో వీడును.

బ్యాటరీని కంటితో చూచి చెప్పరాదు. పంపుసెట్టు మోటార్లు బాగుచేయువారియొద్ద మల్టీమీటరు తప్పక యుండును. బండి రాత్రియంతయు నిలిచియున్న పిమ్మట 12.6 వోల్టులు చూపినచో నిండుగానున్నది, 12.2 అయిన సగము. 12కు తక్కువైన దాదాపు ఖాళీ. ఇంజనును త్రిప్పునపుడు పదికి మిగుల తగ్గిపోరాదు. ఇంజను నడచుచుండగా సామాన్యముగా 13.8 మొదలు 14.5 వఱకు చూపవలెను. 12 దగ్గఱనే నిలిచినచో బ్యాటరీని నింపు ఆల్టర్నేటరు పనిచేయుటలేదు, ఎన్ని బ్యాటరీలు మార్చినను ప్రయోజనము లేదు. మన వేసవి యెండలు బ్యాటరీకి పరమశత్రువులు. కోతలకాలమున వారములతరబడి బండిని కదపకున్నను అది మెల్లగా ఖాళీ యగును. ధాన్యపుగాదెల ప్రక్క బండి నిలుపువారికి ఎలుకల మాట వేఱుగా చెప్పనక్కఱలేదు. బానెట్టు తెఱచి, కొఱికిన తీగలున్నవేమో చూడవలెను.

చిలుము కడుగుటకు వంటసోడా కలిపిన గోరువెచ్చని నీరు చాలును. ముందుగా ఋణధ్రువపు తీగను విప్పి, బిగించునపుడు దానినే కడపట బిగింపవలెను. బ్యాటరీనుండి మండుస్వభావముగల వాయువు వెలువడును గనుక చుట్టనో బీడీనో నోటబెట్టుకొని ఆ పనికి పోరాదు.

ట్రాక్టరు బ్యాటరీనుండి శక్తి తీసికొనదలచినవారు అది 12 వోల్టులదే యని నిర్ధారణ చేసికొనవలెను. పెద్ద లారీలలో 24 వోల్టులుండును; దానిని కారునకు తగిలించినచో కంప్యూటరు మాడిపోవచ్చును. ఎఱ్ఱతీగను మొదట చచ్చిన బ్యాటరీ ధనధ్రువమునకు, పిదప మంచిదాని ధనధ్రువమునకు తగిలింపవలెను. నల్లతీగను మంచిదాని ఋణధ్రువమునకు తగిలించి, రెండవకొనను ఆగిన బండి యింజనుమీది రంగులేని యినుమునకు, బ్యాటరీకి దూరముగా, పట్టింపవలెను. నిప్పురవ్వ పుట్టినను వాయువునకు సోకకుండుటకే ఈ యేర్పాటు.

ఇవన్నియు చూచినను అప్పుడప్పుడే మొరాయించు బండి కలదు. మెకానికు ముందర నది పెండ్లికూతురివలె నడచును. దానికి ఉపాయము, మొరాయించిన ప్రతిమాఱును వ్రాసిపెట్టుకొనుట: ప్రొద్దుటనా, దూరప్రయాణమై ఇంజను కాగియున్నపుడా, వానపిమ్మటనా, మీటమీది దీపపు రంగేమి, పలకమీద కనబడిన మాటలేమి. చేతిఫోనుతో బొమ్మ తీసికొన్నను సరియే. బండి జ్ఞాపకములో నిలిచిన లోపసంకేతములను యంత్రముతో చదివి చూపుమని అడుగవలెను. వస్తువు మార్చుటకు ముందు కొలిచిన అంకె యేమో చెప్పించుకొనుట, మార్చిన పాతవస్తువును తిరిగి యడుగుట మన హక్కులు. అందుకు మొగమాట పడనక్కఱలేదు.

ఆపుటను గూర్చియు ఒకమాట. ఈ కార్ల యింజను చప్పుడు మిక్కిలి తక్కువ. చెవి జేబులో వేసికొని దిగిపోయినను కొన్ని బండ్లు నడచుచునే యుండును. ఇంటికి ఆనించి కట్టిన మూసిన కొట్టములో అట్లు విడిచినచో వాసనయైనలేని విషవాయువు పడకగదులలోనికి చేరి ప్రాణములు తీయును. అమెరికాలో ఇట్లు మరణములు సంభవించినవి. పలకమీది దీపములు ఆఱినవని చూచిన పిమ్మటనే తలుపు వేయవలెను. నడచుచున్న బండిని ఆపద్ధర్మముగా ఆపవలసివచ్చినచో మీటను ఒక్కసారి తట్టిన చాలదు. పెక్కింటిలో కొన్ని క్షణములు అదిమిపట్టవలెను, లేదా వెంటవెంట మూడుమాఱులు నొక్కవలెను. ఇంజను ఆగగానే స్టీరింగును బ్రేకును బరువెక్కును గనుక రెండుచేతులతో పట్టి ఒడ్డునకు చేర్చవలెను.