నోటరీ ముద్ర దేనికి సాక్ష్యం?

పత్రంపై నోటరీ ముద్ర ఉన్నంత మాత్రాన అందులోని విషయమంతా సత్యమని అర్థం కాదు. 1952 నాటి నోటరీల చట్టం ప్రకారం నోటరీ ప్రమాణం చేయించి అఫిడవిట్ స్వీకరిస్తారు. సంతకం చేసిన వ్యక్తిని గుర్తించి ధ్రువీకరిస్తారు. నకలును అసలు ప్రతితో సరిచూస్తారు. తెలుగు పత్రానికి కన్నడంలోనో తమిళంలోనో చేసిన అనువాదాన్ని ధ్రువీకరించే అధికారమూ వారికి ఉంది.

అయితే ఇది రిజిస్ట్రేషన్‌కు ప్రత్యామ్నాయం కాదు. 100 రూపాయలు, ఆపై విలువగల స్థిరాస్తి విక్రయ పత్రం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదైతేనే కొనుగోలుదారునికి హక్కు సంక్రమిస్తుంది. కేవలం నోటరీ చేయించిన అగ్రిమెంటును నమ్మి పూర్తి సొమ్ము చెల్లించినా ఇంటి యాజమాన్యం దక్కదు.

నోటరీ ఎదుట స్వయంగా హాజరై సంతకం చేయాలి. రిజిస్టరులోని క్రమసంఖ్య, తేదీ పత్రంపై ఉన్నాయో లేదో చూసుకుని, రుసుము రసీదును భద్రపరచుకోవాలి.