పిన్నికి పంపితే పన్ను

మన ఊళ్లలో పేటకొక పెళ్లికాని టీచరమ్మ కనిపిస్తుంది. అక్క పిల్లల ఇంజనీరింగ్ ఫీజులు, తమ్ముడి అప్పులు, అమ్మ మందులు ఆవిడ జీతంలోంచే వెళ్లాయని వీధంతా చెబుతుంది. ఆదాయపు పన్ను లెక్కల్లో మాత్రం ఆవిడది ఒంటరి బతుకు. పాత పద్ధతిలో 80సీ కింద ఫీజులు చూపించుకోవాలంటే సొంత పిల్లలుండాలి. ఆరోగ్య బీమా తనకూ అమ్మానాన్నలకూ కడితే 80డీ ఒప్పుకుంటుంది, తమ్ముడికి కడితే ఒప్పుకోదు.

ఈ చిన్నచూపు పాతదే. 1955-56 బడ్జెట్‌లో ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్ (మన దుర్గాబాయమ్మ భర్తే) పెళ్లయినవారికి 2,000 రూపాయల దాకా, కానివారికి 1,000 దాకా పన్ను లేదన్నారు. ఆ తేడా ఎప్పుడో పోయింది. ఎవరిచ్చిన డబ్బుకు పన్ను పడదో చెప్పే బంధువుల జాబితాలోది పోలేదు.

ఆ టీచరమ్మ పిన్నిగా తన అక్క కూతురికి పది లక్షలిచ్చినా ఆ పిల్లకు పన్ను పడదు. తల్లి తోబుట్టువు చట్టం దృష్టిలో బంధువే. అదే పిల్ల ఉద్యోగంలో చేరి పిన్నికి పంపితే బంధువు కాకుండా పోతుంది. పుచ్చుకునేవారి వైపు నుంచి రాసిన ఆ జాబితాలో తోబుట్టువులున్నారు, వాళ్ల భార్యలూ భర్తలూ ఉన్నారు, వాళ్ల పిల్లలు లేరు. అలా వచ్చిన డబ్బు ఏడాదిలో 50 వేలు దాటితే మొత్తం పిన్ని ఆదాయమే.

2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా పన్ను లేదు కాబట్టి నెలనెలా పంపే చిన్న మొత్తాలతో పెద్దగా బాధ లేదు. చిక్కంతా పిన్నికి ఆపరేషన్ లాంటి పెద్ద ఖర్చు వచ్చిపడినప్పుడే. ఏడాదికి ఆరు లక్షల పెన్షన్ వచ్చే పిన్నికి ఆ పిల్ల ఎనిమిది లక్షలు పంపిందనుకోండి, పన్ను సుమారు 82 వేలు. కన్నకూతురు తల్లికి పంపితే సున్నా. పెళ్లిలో చదివింపులు ఎన్ని లక్షలొచ్చినా వధూవరులకు పన్ను లేదు, ఆ అవకాశమూ ఆవిడకు రాలేదు. కోవిడ్ చికిత్సకు అందిన సాయానికి మినహాయింపు రాయగలిగినవాళ్లకు, జాబితాలో తోబుట్టువుల పిల్లల్ని చేర్చడం ఎంత పని?

ఈలోగా తెలిసినవాళ్లు డబ్బు చుట్టూ తిప్పుతున్నారు: కూతురు తల్లికి వేస్తుంది, తల్లి చెల్లెలికి వేస్తుంది, రెండూ మినహాయింపులే. అక్కాబావలిద్దరూ పోయిన ఇళ్లలో ఆ దారీ ఉండదు. అక్కడ ఆడిటర్లు చెప్పేది ప్రామిసరీ నోటు, తాను చదివించిన పిల్లకే పిన్ని బాకీదారై సంతకం పెట్టడం.