7ను 2తో భాగించండి: 3 వస్తే జావా, 3.5 వస్తే జావాస్క్రిప్ట్

కల్లూరు అంటే ఏ కల్లూరు? కర్నూలులో హంద్రీ దాటితే వచ్చేదా, ఖమ్మం నుంచి సత్తుపల్లి పోయే దారిలో తగిలేదా? హైదరాబాద్‌లో చదువుకునే మన పిల్లలకు హాస్టల్లో ఏదో ఒక రోజు ఈ ప్రశ్న ఎదురవుతుంది. జిల్లా పేరు చెబితే తీరిపోతుంది. అదే పిల్లలు ‘జావా నేర్చుకుంటున్నా’ అన్నప్పుడు మాత్రం ‘ఏ జావా?’ అని అడిగేవాళ్లు తక్కువ. ఇంట్లోవాళ్లకు రెండున్నాయని తెలియదు. కొత్తగా చేరిన పిల్లలేమో జావాస్క్రిప్ట్‌ను పలకడానికి వీలుగా జావా అనేస్తారు. ఇంకొందరు అది జావాలోనే ఒక పాఠమనుకుంటారు. ఫీజు కట్టి, నెల గడిచాక గానీ సంగతి బయటపడదు.

ఇంగ్లిష్‌లో జావా పేరుకు 4 అక్షరాలు, జావాస్క్రిప్ట్‌కు 10. కలిసిన ఆ నాలుగక్షరాల వల్లే ఇంత గందరగోళం. దీన్ని విడదీయడానికి పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు. ఒకే లెక్క రెండింటికీ ఇచ్చి, ఏ జవాబు వస్తుందో చూస్తే చాలు.

1995: ఒకే ఏడాదిలో ఇద్దరు

జావా పని 1991లో అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీలో మొదలైంది. ప్రధాన రూపకర్త జేమ్స్ గోస్లింగ్. టీవీలాంటి ఇంటి పరికరాలను నడిపే భాష కావాలన్నది అప్పటి ఆలోచన. ఆఫీసు బయటి చెట్టును చూసి మొదట ‘ఓక్’ అని పేరు పెట్టారు. ఆ పేరు అప్పటికే వేరొకరి ట్రేడ్‌మార్క్ కావడంతో ‘జావా’ అని మార్చారు. ఇది కాఫీ నుంచి వచ్చిన పేరు. మన రాగి జావతో దీనికి చుట్టరికం లేదు. 1995 మే 23న దాన్ని లోకానికి ప్రకటించారు. అంటే దాదాపు 4 ఏళ్ల పని.

అదే మే నెలలో నెట్‌స్కేప్ అనే మరో కంపెనీలో బ్రెండన్ ఐక్ తమ బ్రౌజర్ కోసం ఒక చిన్న భాషకు తొలి నమూనా రాశాడు. పట్టిన సమయం 10 రోజులు. దాని మొదటి పేరు మోకా, తర్వాతి పేరు లైవ్‌స్క్రిప్ట్. ఆ ఏడాది ఎక్కడ విన్నా జావా మాటే. సన్, నెట్‌స్కేప్ చేయి కలిపాయి. 1995 డిసెంబరు 4న రెండూ కలిసి లైవ్‌స్క్రిప్ట్‌కు జావాస్క్రిప్ట్ అని కొత్త పేరు ప్రకటించాయి. 28 కంపెనీలు దానికి మద్దతు పలికాయి. జావాకు ఇది తోడుగా ఉంటుందని ఆ ప్రకటనలోనే చెప్పారు. పేరు కలిసింది అక్కడే.

మన మెట్ట రైతుకు ఈ సంగతి వేరే రూపంలో తెలుసు. కొర్రలు, అండుకొర్రలు అంటాం. పేరు విన్న పట్నంవాళ్లు రెండోది మొదటిదానిలో ఒక రకమనుకుంటారు. నిజానికి రెండూ వేర్వేరు చిరుధాన్యాలు. వృక్షశాస్త్రం వాటిని వేర్వేరు ప్రజాతుల్లో పెట్టింది. జావా, జావాస్క్రిప్ట్ కూడా అంతే.

పేరు ఒకరిది, పెత్తనం ఇంకొకరిది

కల్లూరు వార్డులు కర్నూలు నగరపాలక సంస్థలో ఉన్నాయి. ఎమ్మెల్యేకు ఓటు వేసేది మాత్రం పాణ్యం నియోజకవర్గంలో. చెత్త తీసే కార్పొరేషన్ ఒకటి, అసెంబ్లీలో మాట్లాడే సీటు ఇంకొకటి. జావాస్క్రిప్ట్ పరిస్థితీ ఇలాగే ఉంటుంది. ఆ పేరుపై అమెరికా ట్రేడ్‌మార్క్ సన్ చేతిలో ఉండేది. సన్‌ను ఒరాకిల్ 740 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు 2009లో ప్రకటించింది. 2010 జనవరిలో కొనుగోలు పూర్తయ్యాక జావాతో పాటు ఆ పేరు కూడా ఒరాకిల్‌కు చేరింది. భాష నియమాలు రాసేది మాత్రం జెనీవాలోని ఎక్మా ఇంటర్నేషనల్ అనే ప్రమాణాల సంస్థ. తొలి ప్రమాణం 1997 జూన్‌లో వచ్చింది, దాని సంఖ్య 262. ట్రేడ్‌మార్క్ చిక్కు వల్ల ఆ పత్రంలో భాష పేరు ఎక్మాస్క్రిప్ట్, పొట్టిగా ఈఎస్.

దీని వల్ల కొత్తవాళ్లకు ఒక లాభముంది. సిలబస్ కాగితంలోని అంకెలే ఏ భాషో చెప్పేస్తాయి. 8, 11, 17, 21, 25 అని కనిపిస్తే అది జావా. ఎక్కువ ఏళ్లు మద్దతిచ్చే జావా వెర్షన్లు ఇవే: 2014లో 8, 2018లో 11, 2021లో 17, 2023లో 21, 2025లో 25. ‘ఈఎస్ 6’ అనో ‘ఈఎస్ 2015’ అనో ఉంటే అది జావాస్క్రిప్ట్. ఈ రెండు పేర్లూ ఒకే ఎడిషన్‌వి. అప్పటి నుంచి జావాస్క్రిప్ట్ ప్రమాణం ఏటా కొత్తగా వస్తోంది. జావా 6 నెలలకొకసారి కొత్త వెర్షన్ తెస్తోంది.

లెక్క 1: ఏడు బస్తాలు, ఇద్దరు అన్నదమ్ములు

7 బస్తాల శనగలు ఇద్దరికి సమంగా పంచాలి. జావాలో 7ను 2తో భాగిస్తే జవాబు 3. మిగిలిన సగం బస్తా ఏమైందో అది చెప్పదు. రెండు వైపులా పూర్ణాంకాలే ఇస్తే జావా జవాబునూ పూర్ణాంకంగానే ఇస్తుంది, దశాంశాన్ని కోసి పారేస్తుంది. దగ్గరి అంకెకు సవరించదు. 3.5 కావాలంటే 7కు బదులు 7.0 అని రాయాలి.

జావాస్క్రిప్ట్‌లో అదే లెక్క జవాబు 3.5. అక్కడ మామూలు అంకెలన్నీ ఒకే రకం. దశాంశం ఉన్నా లేకున్నా ప్రతి అంకెకూ 64 బిట్ల జాగా. జావాలో అంకె పెట్టడానికి 8, 16, 32, 64 బిట్ల పెట్టెలు విడివిడిగా ఉంటాయి. ఏ పెట్టె కావాలో రాసేవాళ్లే ముందుగా చెప్పాలి. కింది లెక్కల్లో కనిపించే తేడాల్లో చాలా వరకు ఇక్కడ పుట్టినవే.

లెక్క 2: సుంకేసుల పడుతుంది, శ్రీశైలం పట్టదు

జావాలో అందరూ మొదట వాడే పెట్టె పేరు ‘ఇంట్’. దానికి 32 బిట్లు. అందులో పట్టే అతి పెద్ద అంకె 214,74,83,647, అంటే 214 కోట్ల పైచిలుకు. ఇది ఎంతో మనకు తెలిసిన కొలతలో చూద్దాం. 1 టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. కేసీ కాలువకు నీళ్లిచ్చే సుంకేసుల సామర్థ్యం 1.2 టీఎంసీలు, అంటే 120 కోట్ల ఘనపుటడుగులు. ఇంట్‌లో హాయిగా పడుతుంది. రెండు సుంకేసులలు కలిపి చూడండి. 240 కోట్లు రావాలి. జావా ఇంట్ ఇచ్చే జవాబు మైనస్ 189,49,67,296. నిండు కుండ మైనస్‌లోకి పోయింది!

పరిమితి దాటగానే లెక్క అవతలి కొస నుంచి మళ్లీ మొదలవుతుంది. ఎర్రర్ కూడా చూపించదు. 215 టీఎంసీల శ్రీశైలం లెక్క రాయాలంటే 64 బిట్ల ‘లాంగ్’ పెట్టె తీసుకోవాలి.

జావాస్క్రిప్ట్‌లో 120 కోట్లకు 120 కోట్లు కలిపితే 240 కోట్లే వస్తుంది. పూర్ణాంకాలను తప్పులేకుండా గుర్తుంచుకునే దాని హద్దు 9,007,199,254,740,991. టీఎంసీల్లో చెబితే 90 లక్షలకు పైగా. ఆ హద్దు దాటితే మైనస్‌లోకి పోదు గానీ చివరి అంకెలు చెదరడం మొదలవుతుంది.

లెక్క 3: ఉల్లిగడ్డ ధరలు

ఇప్పటిదాకా జావాస్క్రిప్టే మేలనిపించిందా? ఇది చూడండి. కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డ క్వింటం ధర మూడు రోజులు వరుసగా 900, 1200, 850 పలికిందనుకుందాం. తక్కువ నుంచి ఎక్కువకు పేర్చమని రెండు భాషల్నీ అడుగుదాం. జావా 850, 900, 1200 అని పేరుస్తుంది. జావాస్క్రిప్ట్ 1200, 850, 900 అంటుంది.

దానికి కారణముంది. వేరే ఏమీ చెప్పకపోతే జావాస్క్రిప్ట్ సార్ట్ చేసేటప్పుడు అంకెలను మాటలుగా మార్చుకుని, నిఘంటువులో పదాలను పేర్చినట్టు పేరుస్తుంది. 1 ముందు, 8 తర్వాత, 9 ఆ తర్వాత. ‘అంకెలుగా పోల్చు’ అని ఒక చిన్న ఫంక్షన్ ఇస్తే దారికొస్తుంది. ఇది తెలియనివాళ్లు తమ ప్రోగ్రామ్‌లో తప్పెక్కడుందా అని గంటల కొద్దీ వెతుకుతారు.

లెక్క 4: కొటేషన్లలో 5

కొటేషన్ గుర్తుల మధ్య పెట్టిన “5”కు 3 కలపండి. రెండు భాషలూ “53” అంటాయి. ఇక్కడ తేడా పట్టలేం. ఇప్పుడు కూడిక తీసేసి తీసివేత పెట్టండి. జావాస్క్రిప్ట్ “5”ను అంకెగా మార్చేసుకుని 2 అని జవాబిస్తుంది. జావా ఆ ప్రోగ్రామ్‌ను మొదలే కానివ్వదు. ‘ఇది మాట, అది అంకె, తీసివేత కుదరదు’ అని నడవకముందే, కంపైల్ దగ్గరే ఆపేస్తుంది. జావా గడప దగ్గరే టికెట్ చూసే కండక్టర్ లాంటిది. జావాస్క్రిప్ట్ బస్సెక్కించుకుని, బండి కదిలాక చూసే రకం.

రెండూ ఒకటయ్యే చోటు

‘కల్లూరు’ అనే మాట పొడవెంతో రెండు భాషల్నీ అడగండి. పలికితే మూడే అక్షరాలు: క, ల్లూ, రు. రెండు భాషలూ చెప్పే జవాబు 7. క, ల, పొల్లు, మళ్లీ ల, దీర్ఘపు కొమ్ము, ర, కొమ్ము అని విడివిడిగా లెక్కపెడతాయి. రెండూ మాటల్ని 16 బిట్ల యూనికోడ్ ముక్కలుగా కొలవడమే దీనికి కారణం. తెలుగుకు యూనికోడ్ కేటాయించిన 128 గళ్లలో ఒక్కో గడికి ఒక్కో ముక్క. తేడా రాసే పద్ధతిలో ఉంది. జావాలో ‘లెంగ్త్’ తర్వాత ఖాళీ బ్రాకెట్లు పెట్టాలి, జావాస్క్రిప్ట్‌లో పెడితే ఎర్రర్ వస్తుంది.

ఇంకొక చుట్టరికం నెలల లెక్కలో ఉంది. జావాస్క్రిప్ట్‌లో తేదీని అడిగితే జనవరి 0వ నెల, డిసెంబరు 11వ నెల. 1995లో జావా తేదీల పద్ధతిని ఉన్నదున్నట్టు ఎత్తుకున్నందుకు వచ్చిన వారసత్వమిది. 2014లో జావా 8 కొత్త తేదీల పద్ధతి తెచ్చి జనవరిని 1 చేసుకుంది. జావాస్క్రిప్ట్ పాత తేదీల పద్ధతిలో అది ఇంకా 0గానే ఉంది.

5 లైన్లు, 1 లైను

తెరమీద ‘నమస్తే’ అని చూపించడానికి సంప్రదాయ జావాలో 5 లైన్లు రాయాలి. 2025 సెప్టెంబరులో వచ్చిన జావా 25 దాన్ని 3 లైన్లకు తగ్గించింది. జావాస్క్రిప్ట్‌కు 1 లైను చాలు. జావా కోసం ముందు జేడీకే అనే సరంజామా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. జావాస్క్రిప్ట్‌కు కంప్యూటర్‌లోని బ్రౌజరే చాలు. క్రోమ్ తెరిచి ఎఫ్12 మీట నొక్కి, కన్సోల్‌లోకి వెళ్లి లెక్క టైప్ చేస్తే జవాబు అక్కడే కనిపిస్తుంది.

ఇక పని విషయం. వెబ్ పేజీలో బటన్ నొక్కితే మెనూ తెరుచుకోవడం, ఫారంలో తప్పు నింపితే అక్కడే ఎర్రగా చూపడం జావాస్క్రిప్ట్ పని. 2009లో నోడ్ జేఎస్ అనే సాధనం వచ్చాక సర్వర్ మీదికీ ఎక్కింది. జావా బ్యాంకులు, పెద్ద కంపెనీల సర్వర్లలో బలంగా ఉంది. ఆండ్రాయిడ్ యాప్‌లు మొదట రాసిందీ అందులోనే. 2019లో గూగుల్ ఆ పీట కోట్లిన్ అనే మరో భాషకు వేసింది. ప్రోగ్రామర్లను అడిగిన 2024 స్టాక్ ఓవర్‌ఫ్లో సర్వేలో జావాస్క్రిప్ట్ వాడుతున్నామన్నవారు 62.3 శాతం, జావా అన్నవారు 30.3 శాతం. ఇవి వాడకం లెక్కలు. ఉద్యోగం మాత్రం సగం సగం తెలిసినవాళ్లకు రాదు, ఒకటి గట్టిగా వచ్చినవాళ్లకు వస్తుంది.

మొదట ఏది?

ఏది నేర్చుకోవాలన్నది చేయబోయే పనిని బట్టి ఉంటుంది. కాలేజీ సిలబస్‌లో జావా ఉంటే, ప్లేస్‌మెంట్ పరీక్ష అందులోనే రాస్తామంటే, జావాతో మొదలుపెట్టండి. పెట్టెలు ఎంచుకునే క్రమశిక్షణ ముందే అలవడుతుంది. ప్రోగ్రామింగ్ మనకు నచ్చుతుందో లేదో తెలియక తటపటాయిస్తుంటే జావాస్క్రిప్ట్ తీసుకోండి. రూపాయి ఖర్చు లేకుండా ఈ సాయంత్రమే మొదలుపెట్టవచ్చు. రెండింటినీ ఒకే నెలలో పట్టుకోవద్దు. ఎందులో బ్రాకెట్లు పెట్టాలో, ఎందులో వద్దో కలగాపులగమై చివరకు ఏదీ రాదు.

హైదరాబాద్ అమీర్‌పేటలో ‘ఫుల్ స్టాక్ జావా’ అని బోర్డు కనిపిస్తే అందులో సాధారణంగా రెండూ ఉంటాయి: సర్వర్ వైపు జావా, తెర వైపు జావాస్క్రిప్ట్. ఏది ఎన్ని వారాలు చెబుతారో ఫీజు కట్టకముందే అడగండి. సమాధానం అర్థం కాకపోతే డెమో క్లాసులో 7ను 2తో భాగించి చూపించమనండి. తెరమీద 3 పడితే మీరు జావా క్లాసులో ఉన్నారు. 3.5 పడితే జావాస్క్రిప్ట్ క్లాసులో ఉన్నారు.